రేషన్ కార్డు తీసేసిన లెక్క, ఏఐ అలైన్‌మెంట్ లెక్క: రెండూ ఒకటేనా?

మూసీగట్టు (నల్గొండ)

సభ్యులకు నమస్కారం. కృత్రిమ మేధను (ఏఐని) మానవ విలువలకు, ప్రజాప్రయోజనానికి కట్టుబడి ఉండేలా ఎట్లా తయారు చేయాలన్న దాన్ని ఇప్పుడు అందరూ అలైన్‌మెంట్ అంటున్నారు. దాని మీద వస్తున్న వ్యాసాలు చాలావరకు రాబోయే కాలపు మహామేధావి యంత్రాల చుట్టే తిరుగుతున్నాయి. మన ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల్లో మాత్రం ఎవరికి రేషను అందాలి, ఎవరికి ఆగాలి అన్న లెక్కలోకి కంప్యూటరు ఏనాడో వచ్చి కూర్చున్నది. ఈ రెండూ ఒకే సమస్య అని నా అభిప్రాయం.

గణిత శాస్త్రవేత్త నార్బర్ట్ వీనర్ 1960లో సైన్స్ పత్రికకు రాసిన వ్యాసంలో, మధ్యలో ఆపడం మన చేతిలో లేని యంత్రానికి పని అప్పజెప్పేటప్పుడు, దానిలో పెట్టిన ఉద్దేశం నిజంగా మనం కోరుకున్నదేనా అని ముందే రూఢి చేసుకోవాలని హెచ్చరించాడు. ఇక మన సంగతికి వస్తే, తెలంగాణ ప్రభుత్వం వాడే సమగ్ర వేదిక అనే కంప్యూటరు వ్యవస్థ గురించి 2018–19 కేంద్ర ఆర్థిక సర్వే మెచ్చుకుంటూ రాసింది. దాదాపు 25 ప్రభుత్వ డేటాసెట్లను వ్యక్తి పేరు, చిరునామా ఆధారంగా అది కలుపుతుందని అందులో ఉన్నది. రాష్ట్రంలో కంప్యూటరు లెక్కతో లక్షల్లో రేషన్ కార్డులు రద్దయిన వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయి, క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో ఆదేశం వచ్చింది. రిక్షా తొక్కి బతికిన మనిషిని, దగ్గరి పేరున్న మరొకరితో కలిపి, కారు యజమానిగా లెక్కగట్టిన ఉదంతం పత్రికల్లో కూడా వచ్చింది. యంత్రానికి మనం చెప్పింది అనర్హులను ఏరివేయమని. మనం కోరుకున్నది ఎవరూ పస్తుండకూడదని. ఈ రెండింటి నడుమ ఉన్న దూరమే కదా అలైన్‌మెంట్ సమస్య? ఆ రంగంలో పనిచేస్తున్నవాళ్లు చెప్పగలరు.

కోయిల్‌సాగర్ (దేవరకద్ర; ప్రస్తుతం హైదరాబాదు)

సార్, సగం ఒప్పుకుంటాను. నేను మెషీన్ లర్నింగ్ (ఉదాహరణల నుంచి కంప్యూటరుకు నేర్పడం) పనిలోనే ఉన్నాను. మీరు చెప్పిన దూరానికి మా దగ్గర అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి ఉన్నది. 2016లో ఓపెన్‌ఏఐ పరిశోధకులు కోస్ట్‌రన్నర్స్ అనే పడవ పందెం ఆటలో ఒక ప్రోగ్రాముకు శిక్షణ ఇచ్చారు. పందెం గెలవమని నేరుగా చెప్పడం కుదరదు కాబట్టి, ఆటలో వచ్చే పాయింట్లనే బహుమతిగా పెట్టారు. ఆ పడవ పందెం పూర్తి చేయనేలేదు. దారి పక్కన ఒక మడుగులో, మళ్లీ మళ్లీ మొలిచే మూడు లక్ష్యాలను కొడుతూ, మంటలు అంటుకున్నా, ఎదురుగా వచ్చే పడవలను గుద్దుకున్నా, గుండ్రంగా తిరుగుతూ మనుషుల కంటే సగటున 20 శాతం ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నది. దాని తప్పేమీ లేదు; మేము ఇచ్చిన కొలతను అది అక్షరాలా పాటించింది. ఒక కొలతనే లక్ష్యంగా పెట్టుకున్న నాటి నుంచి ఆ కొలత పనికిరాకుండా పోతుందని బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరు మీద ఒక సూత్రమే ఉన్నది; ఆయన 1975లో ద్రవ్య విధానం గురించి చెప్పిన మాట నుంచి వచ్చింది అది.

ఒప్పుకోని సగం ఇది. సమగ్ర వేదిక వంటిది రెండు రికార్డులు ఒకే మనిషివా కావా అని పోల్చి చెప్పే వ్యవస్థ. దానికి సొంతంగా లక్ష్యాన్ని వెతుక్కునే శక్తి లేదు. అక్కడ జరిగింది పాలనలో లోపం. దాన్నీ, తానే పథకం వేసుకుని పనిచేసే ఏఐ ప్రోగ్రాములనూ (మోడళ్లనూ) ఒకే గాటన కట్టేస్తే రెండింటికీ సరైన మందు దొరకదు.

మీసేవ_హాలియా

అన్నా, పోల్చి చెప్పేదే కదా అని తేలిగ్గా అనేశారు. ఆ పోలిక ఎంత కష్టమో మా కౌంటరు దగ్గర ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు ఉంటుంది, పాసుపుస్తకంలో వెనక ఉంటుంది, ఓటరు జాబితాలో పొడి అక్షరంగా మారిపోతుంది. యాదయ్య అనే పేరును ఇంగ్లీషులో ఒక దఫ్తరులో ఐ ఏ హెచ్‌తో ముగిస్తారు, ఇంకో దఫ్తరులో వై వై ఏతో ముగిస్తారు. ఊరికి పదిమంది మల్లయ్యలు ఉంటారు, వారిలో ఇద్దరి తండ్రుల పేర్లు కూడా ఒకటే అయి ఉంటాయి. మా దగ్గర అందరూ వాళ్లను చింతచెట్టు మల్లయ్య, బోరింగు మల్లయ్య అని గుర్తుపడతారు. ఆ గుర్తు ఏ కాగితంలోనూ ఎక్కదు.

చిరునామా సంగతి మరీ అన్యాయం. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టారు. అంతకు ముందు తీసుకున్న కాగితం మీద నల్గొండ జిల్లా అని, ఆ తర్వాతి దాని మీద సూర్యాపేట అనో యాదాద్రి అనో ఉంటుంది. పాలమూరు వైపు నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల అప్పుడే విడిపోయాయి, నారాయణపేట 2019లో విడిపోయింది. కొన్ని ఊర్లకు మండలం కూడా మారింది. మనిషి ఉన్న చోటనే ఉన్నాడు, ఇల్లు కదలలేదు, కాగితాల్లో మాత్రం రెండు జిల్లాల వాడయ్యాడు. పేరు, చిరునామా పట్టుకుని మనుషులను కలుపుతామంటే, మా ప్రాంతంలో ఆ రెండే అన్నిటికంటే నమ్మరాని ఆధారాలు.

డిండి_నర్సు

కోయిల్‌సాగర్ గారూ, సొంత లక్ష్యం లేని వ్యవస్థల్లో అలైన్‌మెంట్ సమస్య రాదన్నట్టుగా మీరు రాశారు. వైద్యరంగం నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. అమెరికాలో ఆసుపత్రులు, బీమా సంస్థలు విస్తృతంగా వాడిన ఒక అల్గారిథం (కంప్యూటరు లెక్కగట్టే పద్ధతి) మీద 2019లో సైన్స్ పత్రికలో అధ్యయనం వచ్చింది. ఎవరికి అదనపు సంరక్షణ అవసరమో అది అంచనా వేయాలి. అవసరాన్ని నేరుగా కొలవలేక, ఆ రోగి మీద అయిన వైద్యఖర్చును కొలతగా తీసుకున్నారు. నల్లజాతి రోగులకు అదే స్థాయి జబ్బు ఉన్నా వారి మీద ఖర్చు తక్కువగా జరుగుతున్నది కాబట్టి, వాళ్లు ఆరోగ్యంగా ఉన్నారని యంత్రం తేల్చింది. ఈ తేడా సరిచేస్తే అదనపు సాయం అందే నల్లజాతి రోగుల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. అల్గారిథంలో జాతి అన్న వివరమే లేదు, దురుద్దేశమూ లేదు.

ఇదే లెక్క నల్లమల అంచున పెట్టి చూడండి. చెంచు పెంటల నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, కాబట్టి ముదిరితే గాని రారు. అంటే వాళ్ల పేరు మీద మందుల చీటీలు తక్కువ, పరీక్షలు తక్కువ, ఖర్చు తక్కువ. ఆసుపత్రి రికార్డుల మీద శిక్షణ పొందిన ఏ మోడలైనా, అందరికంటే ఆరోగ్యవంతులు వీళ్లేనని చెప్పే ప్రమాదం ఉన్నది. నా వరకు ప్రజాప్రయోజనం అంటే, రికార్డులో లేనివాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవడం.

బత్తాయి_రైతు (గుర్రంపోడు)

అందరూ యంత్రం అన్యాయం చేసిందంటున్నారు గాని, మనుషుల చేతిలో ఉన్నప్పుడు ఏం ఉద్ధరించారో కూడా చెప్పండి. ఒక్క పహాణీ నకలు కోసం తిరిగి తిరిగి చెప్పులు అరిగిన కాలం మేము చూశాం. వీఆర్వో వ్యవస్థను 2020లో రద్దు చేసినప్పుడు మా ఊరిలో సంబురపడ్డవాళ్లే ఎక్కువ. యంత్రానికి కులం తెలియదు, లంచం తెలియదు.

పాలమూరు_వకీలు

అన్నా, ఆ ఏడాదే ధరణి కూడా వచ్చింది కదా, ఆ సంగతి మీరే చెప్పాలి. అందులో కృత్రిమ మేధ లేదు, అది మామూలు భూ రికార్డుల పోర్టలే. అయినా ఈ చర్చకు పనికొచ్చే పాఠం దానిలోనే ఎక్కువ ఉన్నది. లంచం తగ్గించడానికి కింది అధికారి చేతిలోని విచక్షణను తీసేశారు, మంచిదే. దానితోపాటు తప్పు దిద్దే అధికారాన్ని కూడా తీసేశారు. పట్టా భూమి నిషేధిత జాబితాలోకి పోయినా, పార్ట్-బిలో (వివాదం ఉందని పక్కన పెట్టిన భూముల జాబితాలో) పడినా, తహసీల్దారు నా చేతిలో లేదనేవాడు. రైతు కలెక్టరేటు చుట్టూ, ఆ తర్వాత సివిల్ కోర్టు చుట్టూ తిరిగాడు. 2025లో దాని స్థానంలో భూభారతి చట్టం తెచ్చినప్పుడు అప్పీలుకు మళ్లీ చోటు కల్పించవలసి వచ్చింది. కులం తెలియని యంత్రం కులభేదం చూపదన్న మాటకు నర్సు మేడమ్ ఇప్పటికే జవాబు చెప్పారు. ఇంటిపేరు, ఊరిలో ఇల్లు ఉన్న వాడ, చదివిన బడి, ఇవన్నీ కులం చెప్పకుండానే కులాన్ని చెప్పేస్తాయి.

విలువలు అన్నప్పుడు ఎవరి విలువలు అన్న ప్రశ్న కూడా ఉన్నది. సమాజంలో మనుషులు నిజంగా పాటిస్తున్న విలువలనే యంత్రం నేర్చుకుంటే, రెండు గ్లాసుల పద్ధతిని కూడా విలువగానే నేర్చుకుంటుంది. అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, రాజ్యాంగ నైతికత పుట్టుకతో వచ్చే గుణం కాదని, దాన్ని అలవరచుకోవలసి ఉంటుందని అన్నారు. కాబట్టి మన దేశంలో ప్రభుత్వం వాడే ఏ వ్యవస్థనైనా కొలవవలసింది రాజ్యాంగంలోని 14, 15, 21 అధికరణాలతోనే (సమానత్వం, వివక్ష నిషేధం, జీవించే హక్కు) గాని, సగటు మనిషి అభిప్రాయంతో కాదు. ఆ అధికరణాల నుంచి కోర్టులు తీసిన మొదటి నియమం చాలా సాదా నియమం. ఒకరి హక్కును తీసేసే ముందు నోటీసు ఇవ్వాలి, కారణం చెప్పాలి, అతని మాట వినాలి. రేషన్ డీలరు దగ్గర వేలిముద్ర పెట్టినప్పుడు గాని కార్డు పోయిందని తెలియకపోతే, వెనక ఉన్న అల్గారిథం ఎంత గొప్పదైనా ఆ నియమం తప్పినట్టే.

కోయిల్‌సాగర్

వకీలు మేడమ్ వాదంతో నాకు పేచీ లేదు. కానీ మనుషుల మెప్పుతో శిక్షణ పొందే మోడళ్ల విషయంలో ఇంకో చిక్కు ఉన్నది, అది నోటీసుతో తీరేది కాదు. ఈ చాట్‌బాట్లను ఎట్లా తీర్చిదిద్దుతారో క్లుప్తంగా చెబుతాను. మొదట అది కోట్ల పేజీల రాతలు చదివి, తర్వాతి పదం ఏమిటో ఊహించడం నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఒకే ప్రశ్నకు రెండు జవాబులు మనుషుల ముందు పెట్టి, ఏది మేలో చెప్పమంటారు. ఆ ఎంపికల మీద ఒక బహుమతి మోడల్ తయారు చేసి, దాని మెప్పు పొందేలా అసలు మోడల్‌కు శిక్షణ ఇస్తారు. 2017లో ఈ పద్ధతి మీద ముఖ్యమైన పరిశోధనా పత్రం వచ్చింది. 2022 నవంబరులో విడుదలైన చాట్‌జీపీటీ వెనక ఉన్నది ఇదే పద్ధతి. ఆంత్రోపిక్ అనే సంస్థ 2022 చివర్లో, రాసిపెట్టిన కొన్ని సూత్రాల ప్రకారం మోడల్ తన జవాబులను తానే విమర్శించుకుని దిద్దుకునే పద్ధతిని ప్రకటించింది. దేనిలోనైనా, మేలైన జవాబుకూ మనిషికి నచ్చిన జవాబుకూ మధ్య సందు మిగిలిపోతుంది. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ తన మోడల్‌కు చేసిన ఒక మార్పును కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకోవలసి వచ్చింది; కారణం, అది అడిగిన వాళ్లకల్లా తందానా పాడటం.

బత్తాయి_రైతు

తందానా సంగతి నాకు అనుభవమే, అది చాట్‌బాట్ గుణమని ఇప్పుడు తెలిసింది. కార్తీకంలో తోటకు నీళ్లు ఆపి బెట్ట ఇస్తాం, ఆ తర్వాత తడి పెడితే పూత వస్తుంది. ఎన్ని రోజులు ఆపాలన్నది నేలను బట్టి ఉంటుంది. చల్కా తొందరగా ఆరుతుంది, నల్లరేగడి పట్టి ఉంచుతుంది. నేను ఫోనులో, ఎక్కువ రోజులు ఆపితేనే పూత బాగా వస్తుంది కదా అని అడిగితే, అవును, మీ ఆలోచన సరైనదని కారణాలతో సహా రాసింది. పక్క తోట ఆయన నా ముందే తన ఫోనులో, అన్ని రోజులు ఆపితే చెట్టు దెబ్బతింటుంది కదా అని అడిగాడు. అతనికీ అవునే చెప్పింది, అదే ధీమాతో. మాది చల్కా, అతనిది రేగడి. నేల ఏమిటని మా ఇద్దరిలో ఒక్కరినీ అడగలేదు. ఉద్యాన శాఖ అధికారి తోటలోకి వస్తే చేసే మొదటి పని మట్టి పిసికి చూడటం.

రీసెర్చ్_స్కాలర్ (మహబూబ్‌నగర్)

రైతన్న చెప్పినది చాలా విలువైన పరీక్ష. ఒకే ప్రశ్నను రెండు వైపుల నుంచి అడగడం పరిశోధకులు కూడా చేస్తారు.

మూసీగట్టు సార్ ప్రశ్న దగ్గరకు వస్తే, భవిష్యత్తు భయాలను మరీ పక్కన పెట్టేయవద్దని నా మనవి. న్యూరల్ నెట్‌వర్కుల మీద పునాది పని చేసిన జెఫ్రీ హింటన్ 2023లో గూగుల్‌ను వదిలి బయటకు వచ్చి ప్రమాదాల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. 2024లో ఆయనకు భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. 2024 డిసెంబరులో ఆంత్రోపిక్, రెడ్‌వుడ్ రీసెర్చ్ కలిసి ఒక ప్రయోగం ప్రకటించాయి. తన జవాబులు శిక్షణకు వాడతారని నమ్మినప్పుడు ఒక రకంగా, వాడరని నమ్మినప్పుడు మరో రకంగా ఒక మోడల్ కొన్ని సందర్భాల్లో ప్రవర్తించింది. శిక్షణలో తన పాత విలువలు మారిపోకుండా కాపాడుకోవడానికే అట్లా చేస్తున్నట్టు దాని అంతర్గత రాతల్లో కనబడింది. ఆ పాత విలువలు హానికరమైనవేమీ కావు. పరీక్షలో కనబడిన ప్రవర్తన బయట కూడా ఉంటుందన్న హామీ లేదన్నదే అక్కడ ఆందోళన కలిగించే విషయం.

భాష సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లీషులో నిరాకరించే ప్రమాదకరమైన ప్రశ్నలను ఆఫ్రికాలోని జులు వంటి, శిక్షణకు తక్కువ రాతలు దొరికే భాషల్లోకి మార్చి అడిగితే ఓపెన్‌ఏఐ మోడల్ జీపీటీ-4 చాలాసార్లు జవాబిచ్చిందని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో చూపారు. అంటే నేర్పిన విలువలు కూడా భాషను బట్టి పలచబడతాయి. తెలుగులో ఎంత గట్టిగా పరీక్షించారో కొనేవాళ్లు అడగాలి. అందులోనూ కొనేది ప్రభుత్వం అయినప్పుడు తప్పక అడగాలి.

నిర్వాహకుడు

చర్చ బాగా సాగుతున్నది. పార్టీల పేర్లతో వచ్చిన రెండు వ్యాఖ్యలను తొలగించాను. విషయం మీదనే ఉండవలసిందిగా కోరుతున్నాను.

మూసీగట్టు

కోయిల్‌సాగర్ తమ్ముడు ఒప్పుకోని సగం గురించి ఒక మాట. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం విషయంలో వేలాది కుటుంబాలను మోసగాళ్లుగా ముద్రవేసి, ఇచ్చిన డబ్బు తిరిగి కట్టమన్నారు. ప్రమాద అంచనా వేసే అల్గారిథానికి అందులో భాగం ఉన్నది. 2021 జనవరిలో ఆ దేశ ప్రభుత్వం రాజీనామా చేసింది. ఆస్ట్రేలియాలో ప్రభుత్వం నడిపిన రోబోడెట్ అనే బాకీ వసూలు మరీ మోటు లెక్క. ఏడాది ఆదాయాన్ని రెండేసి వారాలకు సమానంగా పంచి, సాయం పొందినవాళ్లు బాకీ ఉన్నారని నోటీసులు పంపారు. దాని మీద వేసిన రాయల్ కమిషన్ (ఉన్నత స్థాయి విచారణ సంఘం) 2023 జులైలో నివేదిక ఇచ్చింది. మొదటిదానిలో తనంతట నేర్చుకునే మోడల్ ఉన్నది, రెండోదానిలో భాగహారం తప్ప ఏమీ లేదు. రెండు చోట్లా బాధితుడే తాను నిర్దోషినని నిరూపించుకోవలసి వచ్చింది. యంత్రం తెలివిని బట్టి సమస్యను విడగొట్టడం కంటే, నిరూపణ భారం ఎవరి మీద పడుతున్నదన్న దాన్ని బట్టి చూడటం మేలని నాకు అనిపిస్తున్నది. తెలివైన మోడళ్లు వచ్చినకొద్దీ ఆ భారం పేదవాడి మీదికి ఇంకా సులువుగా జారుతుంది, ఎందుకంటే అవి తప్పు చెప్పినా నమ్మించేలా చెబుతాయి.

కోయిల్‌సాగర్

భారం ఎవరిదన్న కోణంలో అయితే ఒకటే అంటాను సార్. మా వైపు నుంచి చేయగలిగింది చెబుతాను. రెండు రికార్డులు కలిపే ఇట్లాంటి వ్యవస్థలు చాలావరకు అవును, కాదు అని గాక, ఎంత నమ్మకంతో చెబుతున్నాయో ఒక అంకె ఇస్తాయి. ఎక్కడ గీత గీయాలన్నది మనుషులు తీసుకునే నిర్ణయం. గీత కిందికి జరిపితే ఎక్కువమంది అనర్హులు దొరుకుతారు, వారితోపాటు ఎక్కువమంది అర్హులు పోతారు. అనర్హుడికి నెల బియ్యం అందినా ఖజానాకు కొంత నష్టం, అంతే. అర్హుడికి ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఆగుతుంది. ఈ రెండు తప్పులకూ ఒకే విలువ కట్టి గీత గీస్తే, విలువల విషయంలో నిర్ణయం అప్పటికే అయిపోయినట్టు. ఆ గీత ఎక్కడున్నదో, ఎవరు గీశారో బయటపెట్టమని అడగవచ్చు. అది వ్యాపార రహస్యం కాదు.

పాలమూరు_వకీలు

వ్యాపార రహస్యమనే అంటారు తమ్ముడూ. సమాచార హక్కు చట్టం 8(1)(డి) చూపిస్తారు. కానీ ఆ నిబంధనలోనే విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చని ఉన్నది, దాన్ని మనం వాడుకోవాలి. అంతకంటే బలమైనది 4(1)(డి): పాలనాపరమైన నిర్ణయాల వల్ల ప్రభావితమైనవారికి కారణాలు చెప్పడం ప్రభుత్వ సంస్థ బాధ్యత. దరఖాస్తు లేకుండానే చెప్పవలసిన బాధ్యత అది.

నేను సమాచార హక్కు దరఖాస్తుకు ఈ విధంగా ముసాయిదా రాస్తున్నాను, సభ్యులు దిద్దండి: ఫలానా కార్డు ఏ తేదీన, ఏ అధికారి సంతకంతో రద్దయింది, రద్దుకు ముందు నోటీసు ఇచ్చిన రుజువు ప్రతి, నిర్ణయంలో కంప్యూటరు వ్యవస్థ వాడితే దాని పేరు, కొనుగోలు ఒప్పందం ప్రతి, జిల్లాలో అట్లా రద్దయిన కార్డుల సంఖ్య.

మీసేవ_హాలియా

మేడమ్, కారణం అని అడిగితే అనర్హత అని ఒక్క ముక్క రాసి పంపిస్తారు, మా దగ్గరకు వచ్చే కాగితాలన్నీ అట్లాగే ఉంటాయి. ఏ శాఖ రికార్డులోని ఏ పేరుతో ఈ మనిషి పేరు కలిసిందో అడగండి. ట్రాక్టరు రికార్డా, కారు రికార్డా, ఇంటి పన్ను రికార్డా అన్నది తెలిస్తే, ఆ బండి నాది కాదని మండల ఆఫీసులో చూపించడం సులువు. అది లేకుండా ఏం కాదని రుజువు చేయాలి?

రీసెర్చ్_స్కాలర్

క్షేత్ర పరిశీలన తర్వాత ఎన్ని కార్డులు పునరుద్ధరించారో మండలాలవారీగా అడగాలి. మొత్తం రద్దుల్లో అది ఎంత భాగమో తెలిస్తే ఆ వ్యవస్థ తప్పుల శాతం మనకే సుమారుగా తెలుస్తుంది, అల్గారిథం వివరం ఇవ్వకపోయినా సరే.

పాలమూరు_వకీలు

రెండూ చేర్చాను. కలిసిన రికార్డు సంగతి ఎవరి దరఖాస్తులో వారే, తమ కార్డు వరకే అడగాలి. ఎదుటివారి పేరు, బండి నంబరు వ్యక్తిగత సమాచారమని 8(1)(జె) కింద నిరాకరించే అవకాశం ఉన్నది, 2023 డేటా రక్షణ చట్టంతో ఆ నిబంధన ఇంకా బిగుసుకున్నది. అందుకని పేరు వద్దు, శాఖ పేరు, రికార్డు రకం, పోలిక అంకె చాలు అని రాశాను. మండలాలవారీ లెక్క వేరే దరఖాస్తుగా జిల్లా పౌర సరఫరాల కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి వెళుతుంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి 10 రూపాయల రుసుము అవసరం లేదు, కాకపోతే రుజువు జతచేయాలి. ఆ రుజువుగా ఇంతకాలం అందరూ చూపించింది రేషన్ కార్డునే. కార్డు పోయినవాళ్లు రుసుము కట్టే వేయండి, ఆ వంకతో దరఖాస్తు వెనక్కి రాకుండా ఉంటుంది.